బొమ్మ దగ్గర ఆపు

గుంటూరులో ఎవరినైనా దారి అడిగి చూడండి. తూర్పు పడమరలు చెప్పరు. వీధి పేరు అసలే చెప్పరు. చాలా వీధుల పేర్లు పోస్టుమ్యానుకూ మున్సిపాలిటీ గుమాస్తాకూ తప్ప ఎవరికీ అక్కరలేదు. "నాజ్ సెంటర్ దాటాక ఎవర్నడిగినా చెప్తారు" అంటారు. "శంకర్ విలాస్ దగ్గర దిగి ఫోన్ చెయ్, వస్తా" అంటారు. "లాడ్జి సెంటర్లో అంబేద్కర్ బొమ్మ దగ్గర ఆపమను" అంటారు. నాజ్ ఒక సినిమా హాలు, శంకర్ విలాస్ ఒక హోటలు. టిక్కెట్టు కొననివాడికీ, ఇడ్లీ తిననివాడికీ కూడా అవే గుర్తులు. బ్రాడీపేట, అరండల్‌పేట మాత్రం లెక్కల మాస్టారి పద్ధతిలో నడుస్తాయి: నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అయితే 4/14. ఊరికి కొత్తగా వచ్చినవాడు ఆ భిన్నాన్ని ఇంటి నంబరనుకుని వీధంతా తిరుగుతాడు. నేనూ తిరిగాను, ఒక మండు వేసవిలో, చేతిలో పెళ్లి శుభలేఖతో.

ఇదంతా ఈ నేల చేసిన పని. కృష్ణ దాటి దక్షిణానికి దిగితే ఒంగోలు దాకా దాదాపు చదును. కొండవీడు, కోటప్పకొండ లాంటివి తప్ప కన్ను ఆనే ఎత్తు లేదు. నల్లరేగడి, దాని మీద పత్తి, మిరప, పొగాకు. జనవరి దాటితే ఊరి బయట కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరుచుకుంటాయి గాని, దూరం నుంచి చూసి "అదుగో మా ఊరు" అనుకోవడానికి ఏమీ ఉండదు. ఎత్తు లేని చోట మనిషే ఎత్తు కట్టుకుంటాడు. చిలకలూరిపేటలో గడియార స్తంభం, ఒంగోలులో చర్చి, తెనాలిలో గాంధీ చౌక్. మిగిలిన ప్రతి మూడు రోడ్ల కూడలిలో ఒక దిమ్మె, దాని మీద ఒక బొమ్మ.

ఆ బొమ్మల గురించి మనవాళ్లు రెండే మాటలు మాట్లాడుకుంటారు: ఎవరి బొమ్మ, ఎవరు ఆవిష్కరించారు. ఎవరు చేశారు, ఎలా చేశారు అన్న మూడో మాట రాదు. ఈ వ్యాసం ఆ మూడో మాట కోసం.

ముందు గుంటూరు గుర్తుల్లోకెల్లా చిత్రమైనదాని సంగతి. మహాత్మాగాంధీ రోడ్డు మీద జిన్నా టవర్. చదివింది సరిగ్గానే చదివారు. గాంధీ పేరున్న రోడ్డు, దాని మీద జిన్నా పేరున్న కట్టడం, ఆరు స్తంభాలు, పైన గుమ్మటం. స్వాతంత్య్రానికి ముందు 1940ల్లో కట్టారు. దేశం రెండయ్యింది, జిన్నా పొరుగు దేశానికి జాతిపిత అయ్యాడు, టవర్ మాత్రం గుంటూరులోనే ఉండిపోయింది. 1965 యుద్ధం తర్వాత వీరుడు అబ్దుల్ హమీద్ పేరు పెడదామన్నారు. పేరు జనం నోటికి ఎక్కలేదు. 2022 జనవరి, ఫిబ్రవరి నెలల్లో మళ్లీ గొడవ లేచింది. పేరు మార్చాలని ఒకరు, కూల్చాలని ఇంకొకరు. చివరికి టవర్‌కు మూడు రంగులు వేసి, పక్కనే జాతీయ జెండా ఎగరేశారు. రంగు మారింది గాని పేరు అలాగే ఉంది. ఆ మూల తిరిగే ఆటో డ్రైవరుకు జిన్నా ఎవరన్నది ముఖ్యం కాదు, సవారీ ఎక్కడ దిగాలన్నదే ముఖ్యం. ఊరి గుర్తుకుండే బలం అది. దాన్ని కట్టినవాడి ఉద్దేశం ఎప్పుడో ఆవిరైపోయినా, దాని చుట్టూ తిరిగే జనం దానికి ఇంకో అర్థం పోసి నిలబెడతారు.

ఇక అసలు సంగతి. బొమ్మ చేసి నలుగురు తిరిగే చోట పెట్టడం ఇక్కడ నిన్నమొన్నటి అలవాటు కాదు. గుంటూరు నుంచి గంట ప్రయాణంలో అమరావతి ఉంది. 2022లో జిల్లాలు విడగొట్టాక అది పల్నాడు జిల్లాలోకి వెళ్లింది. ఇప్పుడు అక్కడ బౌద్ధ మహాస్తూపం ఉన్న చోట మిగిలింది గడ్డి మొలిచిన గుండ్రటి దిబ్బ, కొన్ని రాళ్లు. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ చూసేనాటికే ఊరివాళ్లు, జమీందారు మనుషులు రాయి తవ్వుకుపోతున్నారు. కొన్ని పలకలు సున్నం బట్టీల్లో కాలిపోయాయి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి.

మరి ఆ స్తూపం నిండు రూపంలో ఎలా ఉండేదో మనకెలా తెలుసు? స్తూపం ఒంటి మీద ఉన్న పలకల్లో స్తూపం బొమ్మే చెక్కి ఉంది కాబట్టి. గుమ్మటం, చుట్టూ ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, ముందుకు పొడుచుకొచ్చిన అరుగు మీద అయిదు ఆయక స్తంభాలు, మొక్కుతున్న జనం, ఎగిరే గంధర్వులు, అంతా పలనాటి సున్నపురాయిలో వేలెడు లోతున. తన ఊరి కట్టడాన్నే తాను బొమ్మగా చేసి ఊరికి చూపించిన శిల్పి ఇంతకన్నా పాతవాడు మన ప్రాంతంలో నాకు తెలియదు. లండన్‌లో ఉన్న ఒక పలకను రెండు వైపులా చెక్కారు. క్రీస్తుకు పూర్వం ఒకటో శతాబ్దంలో ఒక పక్క బోధివృక్షానికి పూజ చెక్కారు. సుమారు మూడు వందల ఏళ్ల తర్వాత ఇంకో తరం శిల్పి అదే రాయిని తిప్పి, రెండో పక్క స్తూపాన్ని చెక్కాడు. కట్టడం నేలమట్టమైంది, దాని బొమ్మ మిగిలింది. పాత రాయి పారెయ్యకుండా తిప్పి వాడుకోవడం మనవాళ్ల పొదుపు.

ఆ పలకల మీద రాతలున్నాయి. ఈ పలక ఫలానావాడి దానం అని. విధికుడనే చర్మకారుడు ఇంటిల్లిపాదితో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చాడు. గంధపు వర్తకుడు ఇచ్చినది ఉంది, భిక్షుణులు ఇచ్చినవి ఉన్నాయి. రెండువేల ఏళ్ల కిందట తోలుపని చేసుకునేవాడి పేరు రాయి మీద మిగలడం చిన్న సంగతి కాదు. అయితే ఆ పూర్ణఘటంలోంచి తామరలను అంత లావణ్యంగా పైకి లేపిన ఉలి ఎవరిదో ఆ పలక చెప్పదు. దాత పేరు ఉంటుంది, పనివాడి పేరు ఉండదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఇప్పుడు తెనాలి. ఊరి మధ్యగా మూడు కాలవలు పారతాయి. ఆంధ్రా ప్యారిస్ అని ముద్దుపేరు. నాటకాల పిచ్చి ఉన్న ఊరు. గుమ్మడి, జగ్గయ్య ఈ చుట్టుపక్కల పల్లెల నుంచే వెళ్లారు. రణరంగ చౌక్ ఇక్కడే. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపితే ఏడుగురు చనిపోయారు. వాళ్ల గుర్తుగా ఏడు స్తంభాలు నిలబెట్టారు. చౌక్ పేరే చరిత్ర పాఠం. అక్కడ నాయకుడి ముఖం కన్నా ఊరు పడ్డ దెబ్బ ముందు కనిపిస్తుంది. మన ప్రాంతపు కూడళ్లలో నాకు అన్నిటికన్నా నచ్చేది అది.

ఆంధ్రలో నిలువెత్తు విగ్రహం కావాలంటే జనం ముఖ్యంగా రెండు చోట్లకు వెళ్తారు. ఒకటి కోనసీమ కొత్తపేట, రాజ్‌కుమార్ వుడయార్ పేరు చెబితే చాలు. రెండోది తెనాలి. ఇక్కడ శిల్పశాలల ముందు నడిస్తే భలే కాలక్షేపం. గాంధీ పక్కన ఎన్టీఆర్, ఆయన భుజం మీదుగా తొంగి చూస్తూ వైఎస్ రాజశేఖరరెడ్డి, గోడ వారగా తల లేని అల్లూరి, గడ్డిలో పడుకున్న సాయిబాబా. బయట ఒక పార్టీ మీద ఒక పార్టీ కత్తులు నూరుతుంటే, లోపల అందరూ ఒకే తాటాకు పందిరి కింద, ఒకే బూడిద రంగు పూతలో ఆరుతుంటారు.

పని ఒక ఫోటోతో మొదలవుతుంది. ఆ ఫోటో ఎప్పుడూ చాలదు. ఊళ్లో పెద్దాయన పోయాడు, బొమ్మ పెట్టాలి. తెచ్చేది పాస్‌పోర్టు సైజుది, లేదా స్టూడియోవాడు ముడతలన్నీ తుడిచేసిన పటం. ముఖం ఎదురుగా ఉంటుంది. చెవి వెనక మెడ ఎలా దిగుతుందో, ముక్కు పక్క నుంచి ఎంత లేస్తుందో పటం చెప్పదు. బొమ్మకేమో నాలుగు పక్కలూ ఉండాలి. అప్పుడు శిల్పి అడిగే మొదటి ప్రశ్న: "మీలో ఆయన పోలిక ఎవరికొచ్చింది?" తమ్ముడో కొడుకో ముందుకొస్తాడు. అతన్ని కుర్చీలో పక్కకి తిప్పి కూర్చోబెట్టి, బతికున్నవాడి పుర్రె మీద పోయినవాడి ముఖం వెతుక్కోవాలి.

తర్వాత ఇనుము. చువ్వలు వంచి అస్థిపంజరంలా చట్రం కడతారు. వెన్నెముక నిట్టనిలువుగా ఉండదు. ఏ కాలి మీద బరువు పడితే ఆ పక్క నడుము కొంచెం లేస్తుంది, ఎదురు భుజం దిగుతుంది. చట్రంలో ఆ వంపు తప్పితే పైన ఎంత మట్టి వేసినా మనిషి కర్రలా నిలబడతాడు. రోడ్ల మీద కర్రల్లా నిలబడ్డ నాయకులను మీరు చూసే ఉంటారు. లోపల బోలుగా ఉండే చోట గడ్డి, గోనెపట్ట చుట్టి, తీగ బిగించి, ఆపైన బంకమన్ను. రాళ్లు ఏరి, నానబెట్టి, కాళ్లతో తొక్కి, పిండిలా చేసిన మన్ను. పని నడిచినన్నాళ్లూ దాన్ని ఆరనివ్వకూడదు. రాత్రి తడిగుడ్డ కప్పి, పైన ప్లాస్టిక్ పట్టా చుట్టి వెళ్తారు. పొద్దున్నే వచ్చి ముసుగు తీస్తే, ఎండకాలంలో ఒక్కోసారి నాయకుడి చెంప బీటలువారి ఉంటుంది. మళ్లీ నీళ్లు, మళ్లీ మన్ను.

మట్టి పనికి పనిముట్లు తక్కువ. వెదురు చెక్క, తీగ చుట్టిన పుల్ల, బొటనవేలు. ముఖ్యంగా బొటనవేలు. కనుబొమ్మ కింది గుంట, పెదవి చివరి మలుపు, గడ్డం కింద సడలిన చర్మం అంతా దానితోనే. కంటిపాప రాతిలోనైనా మట్టిలోనైనా నల్లగా ఉండదు. అందుకని పాప ఉన్న చోట చిన్న గుంట తవ్వి, పైన పిసరంత మన్ను వెలుగు చుక్కలా మిగులుస్తారు. ఎండలో ఆ గుంటలో నీడ పడి కన్ను మనల్ని చూస్తుంది. ఆ పిసరు రాలిపోయిందా, చూపు గుడ్డిదవుతుంది.

కొలతల లెక్క పాతదే. శిల్పశాస్త్రంలో తాళం అంటే ముఖం పొడవు, 12 అంగుళాలు. దేవతామూర్తికి నవతాళం, 108 అంగుళాలు. ఈ అంగుళం దర్జీ టేపుది కాదు, బొమ్మను బట్టి మారే కొలత. మామూలు మనిషి తన తలకు ఏడున్నర రెట్లు ఎత్తుంటాడు. ఆ లెక్కనే బొమ్మ చేసి ఎనిమిది అడుగుల దిమ్మె ఎక్కిస్తే, కింద నుంచి చూసేవాడికి కాళ్లు లావుగా, తల ఉసిరికాయంత కనిపిస్తుంది. అందుకే తెలిసినవాడు దిమ్మె ఎత్తెంతో ముందే అడుగుతాడు, తలనూ భుజాలనూ ఒక పాలు పెంచుతాడు, మెడను కాస్త ముందుకు వంచుతాడు. శిల్పశాలలో చూస్తే తల పెద్దదైనట్టు ఉంటుంది. "తల తగ్గించండి" అని గొడవ పెట్టుకుని తగ్గించుకుపోయే కమిటీలున్నాయి. ఫలితం మన కూడళ్లలో ఉంది.

మట్టి బొమ్మ చూసుకోవడానికి ఊరి నుంచి జనం వ్యానులో వస్తారు. ఇదే అసలు పరీక్ష. చుట్టూ తిరుగుతారు, ఎవరూ మాట్లాడరు. చివరికి ఇంటి ఆడమనిషి ఎవరో, భార్యో కూతురో, దగ్గరికొచ్చి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటే బొమ్మ పాసయినట్టు. పార్టీవాళ్లు వస్తే పరీక్ష వేరు, చెయ్యి చూస్తారు. ఎందుకంటే మన బొమ్మల భాష చేతుల్లో ఉంది. చూపుడువేలు చాచి, ఎడమ చేత పుస్తకం, సూటూ బూటూ ఉంటే అంబేద్కర్. కర్రతో అడుగు ముందుకేస్తే గాంధీ. చెయ్యి పైకెత్తి, పంచెకట్టులో నవ్వుతూ ఉంటే వైఎస్. ముఖం పోలిక తప్పినా చెయ్యి కలిస్తే జనం సర్దుకుంటారు. 1996లో ఎన్టీఆర్, 2009లో రాజశేఖరరెడ్డి పోయాక ఊరూరా బొమ్మలు లేచాయి. అచ్చు ఒకటి ఉంటే ఆ అచ్చులోంచి పది దిగుతాయి. పదో బొమ్మకు ముక్కు కొస అరిగి ఉంటుంది.

అచ్చు సంగతి. మట్టి బొమ్మ ఖాయమయ్యాక దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోస్తారు, ఒకే ముద్దగా కాదు, ముక్కలు ముక్కలుగా. చెవి వెనక, చంక కింద, పంచె కుచ్చిళ్ల లోపల ఎక్కడ ఇరుక్కుంటుందో చూసుకుని ముక్కల హద్దులు గీయాలి. అచ్చు విప్పేసరికి లోపలి మట్టి మనిషి చెదిరిపోతాడు. నెల రోజులు కళ్లలో కళ్లు పెట్టి చేసిన ముఖం మళ్లీ మన్నై గుంటలోకి పోతుంది, ఇంకో నాయకుడికి పనికొస్తుంది. ఇప్పుడు అచ్చు లోపల పోసేది జేబును బట్టి. సిమెంటయితే చౌక, బరువు, కొన్నేళ్లకు లోపలి చువ్వ తుప్పెక్కి ఉబ్బి వేళ్లు రాలతాయి. ఫైబర్ అయితే గాజుపీచు పరిచి జిగురు పట్టిస్తారు. లోపల డొల్ల, పైన కంచు రంగు. ఇద్దరు మనుషులు ఎత్తి ట్రాలీలో పెట్టేయొచ్చు, ఎండకు రంగు తేలిపోతుంది. కంచు అయితే తరాల మాట.

కంచు పోత మైనంతో నడుస్తుంది. శాస్త్రాల్లో మధూచ్ఛిష్ట విధానమని పేరున్నది ఇదే. అచ్చు లోపల పలచగా మైనం పూసి, డొల్ల మైనపు బొమ్మ తీసి, దానికి లోపలా బయటా మట్టి పట్టించి కాలుస్తారు. మైనం కరిగి కారిపోతుంది, మైనం మందాన ఖాళీ మిగులుతుంది. రాగి, తగరం కలిపి వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కరిగించి ఆ ఖాళీలో పోస్తారు. లోపలి గాలి బయటికి పోయే గొట్టాలు సరిగ్గా పెట్టకపోతే లోహం బుడగలుబుడగలుగా గడ్డకట్టి పని మొదటికొస్తుంది. తొమ్మిదడుగుల మనిషిని ఒక్కసారే పోయలేరు. తల వేరు, మొండెం వేరు, చేతులు వేరు. తర్వాత అతికి, ఆకురాయితో రాచి, అతుకు కనపడకుండా చేస్తారు. కళ్లజోడు ఉన్న పెద్దమనిషయితే ఇంకో తలనొప్పి. గాంధీ కళ్లజోడు తీగతో విడిగా చేసి తగిలిస్తే అది దొంగల పాలు, కోతుల పాలు.

ఇదే తెనాలిలో కొన్నేళ్లుగా మట్టీ మైనం పక్కన ఇంకో దినుసు చేరింది. పాత ఇనుము. సూర్య శిల్పశాల నడిపే కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కొడుకు రవిచంద్ర తుక్కు సామానుతో బొమ్మలు చేస్తారు. 75 వేల నట్లతో పది అడుగుల గాంధీని నిలబెట్టారు. 2021లో బెంగళూరువాళ్ల కోసం 14 అడుగుల మోదీ విగ్రహం చేశారు: గేరు చక్రాలు, సైకిలు చైన్లు, బోల్టులు, విరిగిన ఇనుప ముక్కలు, మొత్తం రెండు టన్నుల దాకా తుక్కు. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ బోధించే శ్రీనివాస్ పడకండ్ల కూడా బృందంతో ఇదే దారి పట్టి విజయవాడ, చెన్నై లాంటి చోట్ల బహిరంగ స్థలాల్లో తుక్కు బొమ్మలు పెట్టారు.

తుక్కు పనిలో చేతికి మెత్తన ఉండదు. మట్టయితే నొక్కితే లొంగుతుంది, నట్టు లొంగదు. చెంప గుండ్రానికి చిన్న నట్లు, నుదుటి చదునుకు పెద్దవి, జుట్టు ఉంగరాలకు చైను ముక్కలు, మీసానికి స్ప్రింగు. ఏ ముక్క ఏ కండరం అవుతుందో ముందు కంటికి తట్టాలి. ఒక్కో నట్టూ వెల్డింగు చుక్కతో అతకాలి. వేడి ఎక్కువైతే పక్క నట్టు ఊడుతుంది. అంతా అయ్యాక తుప్పు పట్టకుండా పూత. దగ్గరికెళ్తే మెకానిక్ షెడ్డు, పది అడుగులు వెనక్కొస్తే మనిషి ముఖం. ఈ నేల మీద ఆ తుక్కుకు కొరతా లేదు. ట్రాక్టర్లు, బోరు మోటార్లు, జిన్నింగు మిల్లులు, లారీ షెడ్లు అన్నీ చివరికి పాత ఇనుప సామాన్ల కొట్టుకే వస్తాయి. అలాంటి ఇనుముతో నాయకుణ్నే చెయ్యాలా అనేది నా ప్రశ్న. పత్తి మిల్లు గేరుతో పత్తి మిల్లు మనిషిని చెయ్యొచ్చు కదా.

నిజానికి ఊరి పేరు మీద, నాయకుడి పేరు లేకుండా, ఇంత ఎత్తున కళ నిలబెట్టే అలవాటు ఇక్కడే ఉంది. శివరాత్రికి కోటప్పకొండ వెళ్లండి. కావూరు ప్రభ, మద్దిరాల ప్రభ, యడవల్లి ప్రభ, పురుషోత్తమపట్నం ప్రభ. ఒక్కోటి 80, 90 అడుగుల ఎత్తు. కింద చక్రాల బండి, నిలువు దూలాలు, అడ్డంగా వెదురు బద్దలు, ముందు పక్కంతా బొమ్మలు, విద్యుద్దీపాలు. నాలుగు పక్కలా మోకులు పట్టుకుని ఊగకుండా జనం నిలువరిస్తుంటే, పొలాల మధ్య నుంచి ట్రాక్టరు లాక్కొస్తుంది. దారిలో కరెంటు తీగలు ఆపుతారు. "చేదుకో కోటయ్యా" అని కేకలు. రాత్రికి కొండ కింద ప్రభలన్నీ వెలిగితే చీకట్లో కొత్త పట్నం లేచినట్టుంటుంది, మర్నాటికి విప్పేస్తారు. ఆ బల్బుల హోరు నాకు కొంచెం ఎక్కువే. పాత రోజుల రంగు కాగితం ప్రభల గురించి పెద్దవాళ్లు చెబితే వినాలి. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ప్రభను చూసి ఎవరూ "ఎవరిది?" అనరు, "ఏ ఊరిది?" అంటారు.

మన దిమ్మెలకు ఆ ప్రశ్న లేదు. కూడలి ఖాళీ అయితే పార్టీ చూస్తుంది, కులం చూస్తుంది, రాత్రికి రాత్రి బొమ్మ లేస్తుంది. 2013 జనవరిలో సుప్రీంకోర్టు రోడ్ల మీద, కాలిబాటల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని రాష్ట్రాలకు చెప్పింది. బొమ్మలు ఆగాయా అంటే మీరే చెప్పాలి. ఎన్నికలొస్తే ఇంకో వేడుక. కోడ్ కూయగానే నాయకుల బొమ్మలన్నిటికీ ముసుగులు తొడుగుతారు. ఆ నెలన్నర ఆటోవాళ్లు ఏ మాత్రం తడబడరు. "ముసుగు బొమ్మ దగ్గర ఆపమంటారా?" అంటారు.

నాయకుడు లేకుండానే ఊరికి గుర్తు కట్టుకునే కిటుకు తెలిసిన ఊళ్లు బయటి లోకంలో ఉన్నాయి. పోలండ్‌లో వ్రొత్స్వాఫ్ అనే నగరంలో 1980ల్లో ప్రభుత్వం చెరిపేసిన నినాదాల మీద కుర్రాళ్లు మరుగుజ్జుల బొమ్మలు గీశారు. ఇప్పుడు ఆ మరుగుజ్జులు మోకాలు దాటని కంచు బొమ్మలై నగరమంతా వందల్లో ఉన్నారు. ఒకడు బ్యాంకు ముందు, ఒకడు రైల్వే స్టేషన్లో; పిల్లలు మ్యాపు పట్టుకుని వెతుకుతారు. ఆస్ట్రేలియాలో కాఫ్స్ హార్బర్ అనే ఊళ్లో 1964లో అరటిపళ్ల కొట్టు ముందు, దారిన పోయే కార్లు ఆగడానికి పెద్ద అరటిపండు కట్టారు. పళ్లు ఎన్ని అమ్ముడుపోయాయో గాని, ఊరికి ఆ పండే చిరునామా అయ్యింది. మనకున్నదానితో పోలిస్తే అవి సులువైన పనులు. ఒక కంటిపాప కోసం పిసరంత మన్ను మిగిల్చే చేతికి మరుగుజ్జు ఒక లెక్కా?

నా ఆశ చెప్తాను, నవ్వినా ఫరవాలేదు. గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోనే అతి పెద్దదంటాం. ఆ గేటు ముందు మిరప టిక్కీ బస్తా వీపున మోస్తూ, ఘాటుకు తుమ్ము ఆపుకుంటున్న హమాలీ బొమ్మ ఉండాలి. నట్లూ గేర్లూ వద్దు, కంచే కావాలి, ఆ తుమ్ము ముందరి ముఖం మైనంలోనే పలుకుతుంది. బ్రాడీపేటలో 4/14 దగ్గర, చేతిలో చీటీ పట్టుకుని తల గోక్కుంటున్న చుట్టం బొమ్మ, మోకాలెత్తుది. చీరాలలో నేత మగ్గం ముందు కూర్చున్న మనిషి. ఒంగోలులో గిత్త, దాన్ని పాత ఇనుముతోనే చెయ్యాలి, మూపురానికి ట్రాక్టరు బానెట్టు సరిగ్గా సరిపోతుంది. ఒంగోలు జాతి బ్రెజిల్ వెళ్లి నెలోర్ పేరుతో అక్కడి పశుసంపదలో సింహభాగమై కూర్చుంది. ఇంటి గిత్తకు ఇంట్లో ఒక మంచి దిమ్మె ఇవ్వడానికి మనకు ఏ ఆవిష్కర్తా దొరకడా?

చివరికి మళ్లీ ఆ పేరు సంగతి. అమరావతి పలక మీద విధికుడి పేరు మిగిలింది, శిల్పి పేరు మిగల్లేదు. ఇవాళ్టి దిమ్మె మీద పాలరాతి పలకలో ఏముంటుంది? ఆవిష్కర్త పేరు పెద్ద అక్షరాల్లో, ముఖ్య అతిథి, అధ్యక్షుడు, విగ్రహ దాత, కమిటీ సభ్యులు, తేదీ. రెండువేల ఏళ్లలో రాతి మీద వరస మారలేదు. బొమ్మ ఇప్పించుకునే ప్రతి కమిటీవాళ్లూ ఇంకొక్క గీత చెక్కించండి: శిల్పి ఫలానా, ఊరు ఫలానా. పలకలో చోటు లేకపోతే కమిటీ సభ్యుల్లో ఇద్దరిని తగ్గించండి.

చదివేవాళ్లకూ ఒక పని. ఈసారి ఏ సెంటర్లోనైనా ఆటో కోసం నిలబడినప్పుడు దిమ్మె చుట్టూ ఒక్కసారి తిరిగి రండి, వెనక పక్క కూడా చూడండి. చేసినవాడి పేరు ఎక్కడైనా కనిపిస్తే, ఏ ఊరో, ఏ సెంటరో ఒక కార్డు ముక్క మీద రాసి పత్రికకు పంపండి. బస్సెక్కి వచ్చి చూస్తాను.